అంకె తప్పితే వరంగల్ బస్సే!

మీ ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండే ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు జిరాక్సులు, వాటి అడుగున మార్కుల మెమోలు. ఓసారి ఆ మెమోలు తీసి మంచం మీద వరసగా పరచండి. పెదనాన్నదైతే అంకెలు పెన్నుతో రాసి ఉంటాయి. పెద్దన్నదైతే చిన్న చిన్న చుక్కలు కలిసి అక్షరాలైనట్టు కనిపిస్తాయి. అది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు దస్తూరి. చెల్లెలిదైతే ఫొటోతో సహా నున్నగా మెరుస్తుంది. విశ్వవిద్యాలయం దఫ్తరులోకి కంప్యూటరు వచ్చిన కథ ఆ మూడు కాగితాల్లో కనిపిస్తుంది. వాటికోసం మనవాళ్లు తిరిగిన దూరం మాత్రం ఏ మెమోలోనూ అచ్చుకాలేదు.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టులో ఏర్పడింది. అంతకుముందు అది వరంగల్‌లో ఉస్మానియా వారి పీజీ సెంటర్. వరంగల్, ఖమ్మంతో పాటు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కాలేజీలూ దాని కిందకు వచ్చాయి. కరీంనగర్ వాళ్లకు వరంగల్ డెబ్బై కిలోమీటర్లే. పొద్దున పోయి మాపటికి తిరిగి రావచ్చు. ఆదిలాబాద్ నుంచి అయితే నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ మీదుగా మూడు వందల కిలోమీటర్లకు దగ్గర. కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల వాళ్లు రైలెక్కి కాజీపేటలో దిగేవారు. జేబులో రిజిస్ట్రార్ పేరున తీసిన డీడీ, సంచిలో మెమో జిరాక్సులు, రాత్రి అక్కడే ఉండాల్సి వస్తుందేమోనని ఒక జత బట్టలు. అంతా చేసి పోయింది దేనికంటే, పేరులో ఒక అక్షరమో, మెమోలో ఒక అంకెో సరిచేయించుకోవడానికి!

ఆ అంకె ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే టాబ్యులేషన్ రిజిస్టర్ సంగతి చెప్పుకోవాలి. పరీక్షల విభాగానికి గుండెకాయ అదే. బారెడు వెడల్పున్న లావుపాటి పుస్తకం. ఎడమ పక్కన హాల్‌టికెట్ నంబరు, పేరు. ఆ తర్వాత పేపరుకో గడి. చివర మొత్తం, ఫలితం. పేపరు దిద్దినవారు మార్కుల జాబితా పంపితే, ఒకరు బిగ్గరగా చదువుతుంటే ఇంకొకరు రాసేవారు. తర్వాత మూడో మనిషి సరిచూసి పొట్టి సంతకం పెట్టేవాడు. నెలల తరబడి అదే పని. అందుకే ఫలితాలు అంత ఆలస్యం.

ఈ చాకిరీ తప్పించడానికే కంప్యూటరు వచ్చింది. మొదటి తరం యంత్రాలకు పంచ్ కార్డులు కావాలి. ఒక్కో కార్డుకు 80 నిలువు వరసలు, వరసకు ఒక్క అక్షరం. తమాషా ఏమిటంటే, అక్కడా ఇద్దరు మనుషులు ఉండాల్సిందే. ఒకరు కార్డు పంచ్ చేస్తే, రెండో ఆపరేటరు అదే సమాచారాన్ని వెరిఫయర్ మీద మళ్లీ కొట్టేవారు. రెండూ కలవకపోతే యంత్రం ఆగేది. అంటే చదివేవాడూ రాసేవాడూ అనే పాత పద్ధతే యంత్రంలోకి కొత్త వేషంలో వచ్చిందన్నమాట. కూడికలు, ర్యాంకులు, జాబితాలు యంత్రానికి చిటికెలో పని. ఎంత గొప్ప యంత్రమైనా తనకిచ్చిన అంకె నిజమా కాదా అని అడగదు.

పేర్ల గొడవ ఇంకో ఎత్తు. హాల్‌టికెట్ నంబరుకూ, కోడ్లకూ, పేపరుకు మూడేసి వరసల చొప్పున మార్కులకూ పోను, 80లో పేరుకు మిగిలేది ఎంత? లక్ష్మీనరసింహాచార్యులు అని ఇంగ్లీషులో రాస్తే 24 అక్షరాలు, ఇంటిపేరు కాకుండానే. మన తాతలు పేర్లు పెట్టేటప్పుడు పంచ్ కార్డును తలుచుకోలేదు పాపం. ఆదిలాబాద్ గోండు పిల్లల ఇబ్బంది మరీ వేరు. మెస్రం, మడావి, ఆత్రం వంటి ఇంటిపేర్లను బడిలో చేర్చుకున్న సారు తనకు వినబడినట్టు ఇంగ్లీషులో రాసేవారు. మెస్రం ఒకచోట ‘ఎస్’తో, ఇంకోచోట ‘ఎస్‌హెచ్’తో పడేది. గుమస్తా చూస్తే ఇద్దరూ ఒక్కరేనని తెలుస్తుంది. కంప్యూటరుకు వాళ్లు ఇద్దరు మనుషులు. కుల ధ్రువపత్రంలో ఒకలా, డిగ్రీ మెమోలో ఇంకోలా ఉంటే ఉద్యోగం ఇంటర్వ్యూ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సింది ఆ పిల్లవాడే.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. అంతకుముందు ఫలితాలంటే పేపర్లో చీమల బారుల్లాంటి హాల్‌టికెట్ నంబర్లు. ఇంటిల్లిపాదీ వేలు పెట్టి వెతికేవాళ్లం. 2000ల నాటికి కరీంనగర్, మంచిర్యాల నెట్ సెంటర్ల ముందు గుంపులు. మార్కులు తెర మీదే కనబడేవి, ప్రింటు తీసి చేతిలో పెట్టేవారు. బాగానే ఉంది. కానీ తెర మీద ‘విత్‌హెల్డ్’ అని పడితే? ఎందుకో తెర చెప్పదు. మళ్లీ కాజీపేట రైలే. నన్నడిగితే ఈ తొలినాళ్ల కంప్యూటరు విశ్వవిద్యాలయం పని తగ్గించినంతగా విద్యార్థి పని తగ్గించలేదు. ఫలితం ఊరికి వచ్చింది, సవరణ మాత్రం వరంగల్‌లోనే ఉండిపోయింది.

2008లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చాక కరీంనగర్ కాలేజీలకు ఆ దూరం తగ్గింది. ఆదిలాబాద్ కాకతీయ కిందనే ఉండిపోయింది. అంతకుముందు డిగ్రీ చేసిన కరీంనగర్ వాళ్లకు ఇప్పటికీ ఆధారం కాకతీయ రికార్డే. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయే పట్టభద్రుడి సర్టిఫికెట్ అసలుదేనని తేల్చాలన్నా పాత రిజిస్టరే సాక్షి. 2016లో ‘దోస్త్’ పేరుతో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాయి. కాలేజీ కాలేజీకి తిరిగి దరఖాస్తులు కొనే పని పోయింది. దాని బదులు ఆధార్‌కు ఫోన్ నంబరు కలపడానికి మీసేవ ముందు నిలబడే పని వచ్చింది.

మనుషుల రెండో చూపు తప్పితే ఏమవుతుందో 2019లో చూశాం. అది విశ్వవిద్యాలయం కాదు, ఇంటర్ బోర్డు. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99! పేపరు దిద్దినవారు బబుల్ షీటులో తప్పు గడులు నింపారు, సరిచూడాల్సినవారు చూడలేదు, యంత్రం చదవమన్నది చదివింది. ఆ ఏడాది ఫలితాల తర్వాత పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పేపర్లను రుసుము లేకుండా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. 99 తెచ్చుకునే పిల్లకు సున్నా పడితే, మొత్తం మార్కులు చూసిన ఏ గుమస్తాకైనా ‘ఇదేంది?’ అనిపించేది. అలా అనుమానించమని ప్రోగ్రాముకూ నేర్పవచ్చు. మిగతా పేపర్లలో తొంభైలు దాటి ఒకదాంట్లో సున్నా వస్తే ఆపి చూడమని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు.

పరీక్షల ముందు కాలేజీలో నామినల్ రోల్ అని ఒక జాబితా తయారవుతుంది. మెమో మీద అచ్చయ్యే పేరు, తండ్రి పేరు అందులోంచే పోతాయి. డిగ్రీలో చేరిన పిల్లలుంటే, పదో తరగతి మెమో చేత్తో పట్టుకుపోయి ఆ జాబితాలో తమ పేరు ఒక్కొక్క అక్షరం పోల్చి చూడమనండి. తేడా ఉంటే అక్కడే, ప్రిన్సిపాల్ గదిలోనే, డీడీ లేకుండా సరిచేయించుకోవచ్చు.