రాత్రికి ఏం వండాలి?

విజయవాడలో పని ముగించుకొని, ప్రకాశం బ్యారేజీ దాటి మగ్రిబ్ వేళకు తాడేపల్లి చేరే ఇల్లాలికి ఎదురయ్యే తొలి ప్రశ్న ఇది. వంట శ్రమకన్నా, భోజనం వద్ద వినవలసివచ్చే విమర్శే ఆమెను ఎక్కువగా బాధిస్తుంది.

దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని హజ్రత్ అబూహురైరా (రజి) తెలిపారు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే విడిచిపెట్టేవారు. ఒకసారి నంజుకోవడానికి ఏముందని అడిగితే, ఇంట్లో సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దానినే తెప్పించుకొని, మెచ్చుకుంటూ భుజించారు. ఇంటిపనులలోనూ ఆయన తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

కనుక గృహస్థులారా! ఏం వండాలో ఉదయమే కలిసి నిర్ణయించుకోండి. సాయంత్రం ఉల్లిపాయలు మీరు తరగండి. దస్తర్‌ఖాన్ పిల్లలు పరుస్తారు. పప్పు, గోంగూర పచ్చడి మాత్రమే ఉన్న పూట కూడా అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలిపి, వండిన చేతిని మెచ్చుకొని లేవండి.