మన పేరు మన చేతిలో ఉండాలంటే

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

మనం అత్తిమంజేరిపేట నుంచి తిరుమలకు తరచూ పోయి వచ్చేవాళ్లమే. పోయినేడాది మా వదిన ఫోన్లో వెతికి కొండమీద గదికి డబ్బు కట్టింది. అక్కడికి పోతే ఆ పేరుమీద గదే లేదు. సైటే దొంగది. చదువుకున్న మనిషే, అయినా మోసపోయింది.

ఎలాగంటే చెప్తా. 2023 ఏప్రిల్‌లో టీటీడీ వాళ్లు ఇలాంటి ఒక దొంగ సైటును పట్టుకుని తిరుమల పోలీసుల దగ్గర కేసు పెట్టించారు. అప్పటి అసలు చిరునామా 'తిరుపతిబాలాజీ.ఏపీ.గవ్.ఇన్'. దొంగలు మధ్యలోని చుక్కలు తీసేసి చిన్న గీతలు పెట్టారు, చివర 'ఇన్' బదులు 'ఆర్గ్' అని పెట్టారు. అంతే తేడా. చుక్కతో 'గవ్.ఇన్' అని ముగిసేది సర్కారుకే ఇస్తారు. 'ఆర్గ్', 'కామ్' అయితే ముందు డబ్బు కట్టినవాళ్లదే, ఆ పేరు నీదేనా అని అడిగే నాథుడు లేడు. టీటీడీ లెక్కలో అది 41వ దొంగ సైటు. అంత పెద్ద దేవస్థానానికే ఈ గతి అయితే మన సంగతేంది?

చట్టం లేదా అంటే ఉంది. హైదరాబాదు సత్యం వాళ్ల సంస్థ సత్యం ఇన్ఫోవే తన పేరును కుదించి 'సిఫీ' అని పెట్టుకుని, 1999లో 'సిఫీనెట్' లాంటి చిరునామాలు తీసుకుంది. తర్వాత ఇంకొకరు ఇంగ్లీషులో ఒక 'ఎఫ్' ఎక్కువ చేర్చి దాదాపు అదే పేరు తీసుకున్నారు. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, చివరికి 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపే చెప్పింది. వెబ్ చిరునామాలకు విడిగా చట్టం లేకపోయినా, ఒకరి పేరుతో ఇంకొకరు సరుకు అమ్ముకోకుండా ఆపే ట్రేడ్‌మార్కు న్యాయం వాటికీ వర్తిస్తుందని తేల్చింది. కానీ ఒక మాట గమనించండి. ఆ పేరు ముందునుంచి వాడుతున్నామని, జనానికి తెలుసని కాగితాలతో చూపించబట్టే వాళ్లు గెలిచారు. మన దగ్గర ఏం కాగితం ఉంది?

'మన చిన్న సంఘం పేరు ఎవడు కాజేస్తాడు' అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇప్పుడు మన పిల్లలు మగ్గం మీది సరుకును ఫోన్లోనే అమ్ముతున్నారు. పైగా మన ఊరి పేరును ఇంగ్లీషులో ఒకరు 'టీ'తో రాస్తారు, ఒకరు 'టీహెచ్'తో రాస్తారు. ఒకచోట పేట, ఇంకొకచోట పేట్టై. ఒక్క అక్షరం తేడాతో బతికే దొంగకు ఇంతకంటే ఏం కావాలి? వాడు నాసిరకం గుడ్డ పంపితే తిట్లు మాత్రం మన నేతగాళ్లకు.

ఖర్చు చూడండి. చిరునామాకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. పోయిన 'కామ్' పేరును జెనీవాలోని వైపో ద్వారా రాబట్టాలంటే ఫీజే 1,500 డాలర్లు, అంటే లక్ష దాటుతుంది. 'ఇన్' పేర్ల తగాదాలకు మన దేశంలోనే నిక్సీ దగ్గర వేరే పద్ధతి ఉంది. అక్కడా పేరు మీద మనకు హక్కుందని మనమే చూపించాలి.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో నాలుగు పనులు తీర్మానించమని అడుగుతున్నా. ఒకటి, ఊరిపేరు రాసే రెండు మూడు తీర్లలో చిరునామాలు తీసుకోవడం. రెండు, వాటిని ఏ ఒక్కరి సొంత ఈమెయిల్‌తోనూ కాక సంఘం పేరుమీద పెట్టడం. ఆ కుర్రాడు వేరే దేశం పోతే రెన్యువల్ గుర్తుచేసేవాళ్లుండరు. మూడు, ఒట్టి ఊరిపేరుకు ట్రేడ్‌మార్కు దొరకడం కష్టం కాబట్టి, గుర్తుతో కలిపి సంఘం తరఫున సామూహిక మార్కుకు వకీలును అడగడం. నాలుగు, ప్రతి బిల్లుమీద, సంచిమీద ఒకే చిరునామా అచ్చు వేయించి, పాత బిల్లులు దాచిపెట్టడం. రేపు కోర్టులో మాట్లాడేది ఆ బిల్లులే.

ఎవరైనా ఇప్పటికే దొంగ సైటుకు డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

తాతలు మగ్గం మీద సంపాదించిన పేరు ఇది. ఏడాదికి వెయ్యి రూపాయలకు వెనకాడి పోగొట్టుకోవద్దు. మీ అభిప్రాయం కింద రాయండి.