పలువరుస - వర్గదృష్టి

ఉద్యోగానికి కావలసింది పని తెలియడం. ఈ మాటను బాహాటంగా కాదనేవారు లేరు. కాని ప్రకటనల్లో చూడచక్కని రూపం కోరుతూనే ఉన్నారు. ఇంటర్వ్యూ గదిలో అభ్యర్థి మాట చెవిన పడకముందే అతని పళ్ళు కంట పడుతున్నవి. బట్టల దుకాణం కౌంటరు మొదలు పెద్ద హోటలు రిసెప్షను దాకా ఇదే తంతు. వ్యక్తిత్వ వికాస బోధకులు దీనికొక సిద్ధాంతం కూడా అల్లిపెట్టారు. తెల్లని పలువరుస ఆత్మవిశ్వాసానికి గుర్తట. గారపళ్ళు అశ్రద్ధకు గుర్తట! ఈ సిద్ధాంతం ఎంత డొల్లదో తెలియాలంటే నల్లగొండ జిల్లాను చూడాలి.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల జనం తరతరాలుగా భూగర్భజలం తాగి బతికారు. అక్కడి రాతిపొరల్లోని ఫ్లోరైడు ఆ నీటిలో కలుస్తుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాలు చెబుతున్నవి. అంతకు మించిన నీటిని పసితనంలో, అంటే శాశ్వత దంతాలు చిగుళ్ళలోపల తయారయ్యే వయసులో, తాగిన బిడ్డకు పంటిపై పింగాణీపొర సరిగా ఏర్పడదు. సుద్దమచ్చలు పడతాయి, తీవ్రమైతే గోధుమరంగు చారలు తేలుతాయి. వేపపుల్లతో తోమినా, ఖరీదైన పేస్టుతో తోమినా అవి పోవు. దీనిని అశ్రద్ధ అనేవాడు ఆ ఊరి బావిలోకి తొంగిచూడనివాడు.

పాలకులకు ఇది తెలియని సంగతా? నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నదని వైద్య పరిశోధకులు 1937లోనే ప్రకటించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరుపెట్టింది. పేరు లోకమంతా తిరిగింది. శుభ్రమైన నీరు మాత్రం ఊరూరికీ రాలేదు. ఇంటింటికీ నదీజలం ఇస్తామని మిషన్ భగీరథ ప్రారంభమైంది 2016లో. అప్పటికే పళ్ళు వచ్చేసిన పిల్లలు నేడు ఉద్యోగాల క్యూలో నిలబడి ఉన్నారు. మంచినీరివ్వని వ్యవస్థే ఇప్పుడు వాళ్ళ నోటిని చూసి ముఖం చిట్లిస్తున్నది.

ఇది ప్రైవేటు దుకాణాల జబ్బు మాత్రమే కాదు. 2022లో కేరళలోని అట్టప్పాడి ఆదివాసీ యువకుడొకడు అటవీశాఖ బీట్ ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష నెగ్గాడు. ఎత్తుపళ్ళు అనర్హత అనే నిబంధన అడ్డుపడి ఉద్యోగం పోయింది. చిన్ననాడు పడిపోవడం వల్ల పళ్ళు అలా అయినాయని, చికిత్సకు డబ్బు లేకపోయిందని ఆ కుటుంబం చెప్పుకున్నది. అడవిని కాపాడడానికి పలువరుస దేనికి? గగ్గోలు పుట్టిన తర్వాత నిబంధనను మార్చడానికి ప్రభుత్వం పూనుకున్నది. అంటే ఆ నిబంధన లేకపోయినా అడవికి వచ్చే నష్టం లేదన్నమాట.

కొనుగోలుదారులకు నచ్చే ముఖాన్ని యజమాని ఎంచుకోకూడదా అని కొందరడుగుతారు. కొనుగోలుదారు ఇష్టం అనే ముసుగు కింద ఎన్ని అన్యాయాలకు సమర్థన దొరకదు? నల్లని రంగును, పల్లెటూరి యాసను గెంటివేసిందీ ఆ వాదమే. పళ్ళు సరిచేయించుకోవాలంటే వేల రూపాయలు కావాలి. సౌందర్య చికిత్స పేరుతో బీమా సంస్థలు సాధారణంగా ఆ ఖర్చు భరించవు. అందుచేత పలువరుసను చూసి పనివాణ్ణి ఎంచుకోవడమంటే అతని తండ్రి సంపాదనను చూసి ఎంచుకోవడమే.

రచయితలమైన మనం ఈ నేరంలో భాగస్వాములం కామా? ప్రబంధకవులు నాయిక పళ్ళను దానిమ్మగింజలతో, మొల్లమొగ్గలతో పోల్చారు. అది రాజాస్థానాల అభిరుచి అని తరగతి గదుల్లో విమర్శిస్తాం. మరి మన కథల్లో వడ్డీవ్యాపారికి గారపళ్ళు, మన సినిమాల్లో నవ్వులపాలయ్యే నౌకరుకు ఎత్తుపళ్ళు ఎవరు పెట్టారు? దుర్మార్గం పంటిలో ఉండదు, వడ్డీలెక్కలో ఉంటుంది. అక్కడ చూపించలేని కలం పంటిని ఆశ్రయిస్తుంది.

పళ్ళ రూపాన్ని అనర్హతగా చూపే నిబంధనలన్నీ రద్దు కావాలి. పనికి ఆటంకమైన రోగముంటే వైద్యుడు చెప్పాలి. అందచందాల తీర్పు అతనికి అక్కరలేదు. ఫ్లోరైడు ప్రాంతాల యువతకు దంతచికిత్స ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. అది దయాధర్మం కాదు, తీర్చవలసిన బాకీ. నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డుపెట్టుకునే అవస్థ ఆ పిల్లలకు పోవాలి. సిగ్గుపడవలసింది వాళ్ళు కాదు.