మేనమామ ఎస్టీ, మేనల్లుడు బీసీ

ఆలూరు నుంచి బళ్ళారి వైపు పెళ్ళికో, పురుడికో, జాతరకో బయలుదేరే బోయ కుటుంబం రాష్ట్ర సరిహద్దుతో పాటు రాజ్యాంగ జాబితాల సరిహద్దును కూడా దాటుతుంది. ఇటువైపు వారు వెనుకబడిన తరగతుల ‘ఏ’ గ్రూపు. అటువైపు ఉన్న వారి చుట్టాలు షెడ్యూల్డు తెగ. కులదైవం ఒకటే, పంక్తి ఒకటే, ఇచ్చిపుచ్చుకోవడాలు ఒకటే. తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం మాత్రం వేరు. ఈ తేడా భారాన్ని ఎవరు మోస్తున్నారు, మన శాసనసభ తీర్మానాలు దానిని ఎందుకు దించలేకపోతున్నాయి అన్నది ఆలోచించవలసిన విషయం.

చుట్టరికం పాతది, సరిహద్దు కొత్తది. 1953 వరకు ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు భాష ప్రాతిపదికన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన బళ్ళారి జిల్లా మైసూరుకు వెళ్ళింది. తాలూకాలను పంచిన పాలకులు ఇళ్ళ మధ్య సంబంధాలను పంచలేకపోయారు. తెలుగులో బోయ, కన్నడంలో బేడర్ అని పిలిచేది ఒకే సమూహాన్నని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోనే నమోదై ఉంది. పేరు భాషను బట్టి మారింది, మనుషులు మారలేదు.

మా అమ్మ పుట్టినిల్లు సిరుగుప్ప తాలూకాలో ఉంది. ఉగాదికి వాళ్ళు ఇటు రావడం, వరి కోతలకు మావాళ్ళు అటు పోవడం, దసరా నాటి రాత్రి దేవరగట్టు ఉత్సవానికి రెండు వైపుల వారూ ఒకే బండిలో కదలడం నా చిన్ననాటి మామూలు విషయాలు. 1991లో పార్లమెంటు కర్ణాటక ఎస్టీ జాబితాను సవరించి, ‘నాయకడ’ తెగ పక్కన నాయక్, బేడ, బేడర్, వాల్మీకి పేర్లను చేర్చింది. దాంతో మా మేనమామ పిల్లలు ఎస్టీలయ్యారు. మేము బీసీ-ఏగానే మిగిలాము. ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో వాల్మీకి అన్న పేరు ఉన్నా, అది శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం. రాయలసీమ బోయకు అది వర్తించదు.

తేడా కాగితానికే పరిమితమై ఉంటే ఇంత చర్చ అవసరం లేదు. కర్ణాటక 2022లో ఎస్టీ రిజర్వేషన్‌ను 3 శాతం నుంచి 7 శాతానికి పెంచింది. బళ్ళారి లోక్‌సభ స్థానం ఎస్టీలకు కేటాయించినది. ఇప్పటి బళ్ళారి జిల్లాలోని అయిదు శాసనసభ స్థానాల్లో సిరుగుప్ప, కంప్లి, సండూరు, బళ్ళారి గ్రామీణ అనే నాలుగూ ఎస్టీ స్థానాలే. ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు ఎస్టీ శాసనసభ స్థానాల్లో ఒక్కటీ రాయలసీమలో లేదు. ఇక్కడి బోయ విద్యార్థి బీసీ-ఏకు ఉన్న 7 శాతంలో అనేక కులాలతో పోటీ పడాలి. అందువల్ల చుట్టపుచూపుగా వెళ్ళిన పిల్లవాడు అటువైపు బావ చదువును, ఉద్యోగాన్ని చూసి తన దారి ఎక్కడ వేరైందని అడుగుతాడు. పెద్దల దగ్గర దానికి సమాధానం ఉండదు, ఎందుకంటే వేరైనది కుటుంబం కాదు.

ఇది బోయల ఒక్కరి సమస్య కాదు. సుగాలీలు, లంబాడీలు మన రాష్ట్రంలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతి. రాళ్ళు కొట్టి, మట్టి మోసి బతికిన వడ్డెరలు ఇక్కడ బీసీ-ఏ, అక్కడ భోవి పేరుతో ఎస్సీ. ఆలూరు చుట్టుపక్కల తండా నుంచైనా, వడ్డెర ఇంటి నుంచైనా పెళ్ళికి సరిహద్దు దాటి వెళ్ళేవారికి ఇదే అనుభవం.

చట్టం ఏమంటోంది? రాజ్యాంగంలోని 341, 342 అధికరణలు ఎస్సీ, ఎస్టీ జాబితాలను ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ మాత్రమే గుర్తిస్తాయి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకే కట్టుబడింది. ఆ పిటిషనరు తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన విద్యార్థి. ఆంధ్రప్రదేశ్ ఎస్టీ హోదా మహారాష్ట్ర వైద్య కళాశాలలో చెల్లదని తీర్పు వచ్చింది. 2018లో రంజనా కుమారి కేసు దీన్ని మరింత ముందుకు తీసుకుపోయింది. పంజాబ్‌లో ఎస్సీగా పుట్టిన వాల్మీకి మహిళ ఉత్తరాఖండ్‌లోని వాల్మీకి కులస్థుణ్ణి పెళ్ళాడింది. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఆ కులం ఉంది. అయినా వలస వచ్చిన ఆమెకు ఉత్తరాఖండ్‌లో ఆ ప్రయోజనం దక్కదని న్యాయస్థానం తేల్చింది. అంటే సరిహద్దుకు రెండు వైపులా ఎస్సీలుగానే ఉన్న మాదిగ, మాల కుటుంబాల ఆడపిల్లలకు కూడా ఈ చిక్కు తప్పదు.

ఈ భారం ఎక్కువగా మోసేది స్త్రీలే. మన ప్రాంతంలో మేనరికం బలమైన ఆచారం. సిరుగుప్పలో పుట్టిన పిల్ల మేనత్త కోడలిగా ఆలూరు వస్తే, కర్ణాటకలో తనకున్న ఎస్టీ హోదా ఆంధ్రప్రదేశ్ ఉద్యోగాల్లో, కళాశాలల్లో పనికిరాదు. పిల్లలు తండ్రిని బట్టి బీసీలు అవుతారు. ఆలూరు పిల్ల అటు కాపురానికి వెళితే భర్తా బిడ్డలూ ఎస్టీలు, ఇంట్లో ఆమె ఒక్కతే కాదు. పెళ్ళితో కొత్త హోదా రాదని 1996లో వల్సమ్మ పాల్ తీర్పు చెప్పింది. ఆ నియమం బూటకపు క్లెయిములను అడ్డుకోవడానికి అవసరమే కావచ్చు. కానీ కాపురం కోసం ఇల్లు మారడం మన సమాజంలో స్త్రీ స్వేచ్ఛగా చేసుకునే ఎంపిక కాదు. వ్యాపారం కోసం వలస వెళ్ళిన పురుషుణ్ణీ, అత్తవారింటికి పంపబడిన స్త్రీనీ చట్టం ఒకే కొలమానంతో కొలుస్తోంది.

రాజకీయ పక్షాలు ఈ ప్రశ్నకు తీర్మానాలతో సమాధానం చెప్పాయి. బోయ-వాల్మీకులను ఎస్టీల్లో చేర్చాలని మన శాసనసభ 2017 డిసెంబరులో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానించింది. మొదటిది తెలుగుదేశం పాలనలో, రెండోది వైఎస్సార్ కాంగ్రెస్ పాలనలో. రాష్ట్రం సిఫారసును రిజిస్ట్రార్ జనరల్, జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ అంగీకరించి, పార్లమెంటు చట్టం చేస్తే తప్ప జాబితా మారదు. తీర్మానం మొదటి మెట్టే. దాన్ని చివరి మెట్టుగా ప్రచారం చేసుకోవడంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు.

ఏజెన్సీ ఆదివాసుల అభ్యంతరాన్ని కూడా గౌరవంగా వినాలి. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతమే. లక్షల సంఖ్యలో ఉన్న మైదాన సమూహాన్ని అందులో చేర్చి, కోటా అంతే ఉంచితే, పాడేరు పిల్లల వాటాలో ఆలూరు పిల్లలు భాగం అడగవలసి వస్తుంది. పేదల మధ్య అలాంటి పంపకం సామాజిక న్యాయం అనిపించుకోదు. మరోవైపు, 1965 నాటి లోకూర్ కమిటీ చెప్పిన ఆదిమ లక్షణాలు, భౌగోళిక ఏకాంతం, బయటివారితో కలవడానికి బిడియం వంటి కొలమానాలతో ఈనాటి సమూహాలను తూచడం కూడా హేతుబద్ధం కాదు. ఆ లెక్కన సరిహద్దుకు అవతలి వారికీ ఆ హోదా దక్కకూడదు. ఒకే సమూహానికి రెండు తూకాలు ఉండడమే ఇక్కడి అసలు ప్రశ్న.

మన చుట్టరికాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాష్ట్ర సరిహద్దును సులువుగా దాటే ఈ రాకపోకలు ఊళ్ళోని కుల సరిహద్దును దాటవు. యాభై కిలోమీటర్ల అవతల ఉన్నవారు దగ్గరి చుట్టాలు, పక్క వీధి మాదిగ ఇల్లు మాత్రం దూరం. కులానికి మూలం తమలో తామే పెళ్ళాడే ఆచారమని అంబేడ్కర్ 1916లోనే చెప్పారు. మన చుట్టపుచూపుల దారులు గీస్తే వచ్చేది కులపటమే. అందుకే బోయల న్యాయమైన కోరిక కూడా దళితుల పట్ల బోయ ఇళ్ళు పాటించే దూరాన్ని ప్రశ్నించకుండా సంపూర్ణం కాదు.

చేయదగిన పనులు ఉన్నాయి. రానున్న జనగణనలో కులాల వివరాలు సేకరిస్తామని కేంద్రం ప్రకటించింది. బోయ, బేడర్, నాయక, వాల్మీకి వంటి పేర్లను రాష్ట్రాలవారీగా విడివిడిగా వదిలేయకుండా, సరిహద్దుకు ఇరువైపులా పోల్చి చూడగలిగేలా సంకేతాలు ఇవ్వాలి. రెండు రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థలు ఉమ్మడి అధ్యయనం జరిపి, పెళ్ళి సంబంధాలను సాక్ష్యంగా స్వీకరించాలి. జాబితాలో చేర్పు ఎప్పుడు జరిగినా, కోటా పెంపుతో కలిపే జరగాలి. వివాహం వల్ల రాష్ట్రం మారిన ఎస్సీ, ఎస్టీ స్త్రీల పుట్టింటి హోదా, ఆ సమూహం రెండు చోట్లా జాబితాలో ఉన్నప్పుడైనా, మెట్టినింటి రాష్ట్రంలో చెల్లేలా పార్లమెంటు చట్టం చేయాలి.

ఈ నాలుగింటిలో మొదటి రెండింటికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, కొత్త కోటా అక్కరలేదు. మూడో శాసనసభ తీర్మానం కోసం ఎదురుచూసే ముందు మన యువత ఈ రెండింటినైనా తమ శాసనసభ్యులను, ఎంపీలను నిలదీసి అడగాలి.