సహపంక్తి: జపాను గిన్నె, మన గ్లాసు

మొన్నటి ఆదివారము కట్టంగూరులో, హైదరాబాదు–విజయవాడ రోడ్డు ప్రక్కనున్న ఒక హోటలు బల్లపై చిన్న వాదము జరిగెను. టోక్యో నగరమున ఉద్యోగము చేయుచు సెలవుపై వచ్చిన యువకుడొకడు తాను ప్రతి రాత్రి భుజించు రామెన్ దుకాణమును గూర్చి చెప్పుచుండెను. పదిమంది కూర్చుండ వీలగు పొడుగాటి చెక్కబల్ల. బల్ల కావలి వైపున వంటవాడు. వాకిట నొక యంత్రము. డబ్బు వేసి మీట నొక్కిన చీటీ వచ్చును. ఆ చీటీని బల్లపై నుంచిన కొన్ని నిమిషములలో పొగలు గ్రక్కు గిన్నె వచ్చును. “నా కుడిప్రక్క బ్యాంకు అధికారి, ఎడమప్రక్క మునిసిపాలిటీ పనివాడు. ఇద్దరును ఒకే చప్పుడుతో జుఱ్ఱుకొనుచుందురు” అని అతడు నవ్వెను.

వినుచున్న పెద్దమనిషి యొకరు, “దీనికంత దూరము పోవలెనా నాయనా? ఈ బల్ల చూడరాదా? నీ ప్రక్కన కూర్చున్నవాడెవడో నీకు తెలియునా? ఆ భేదము లేనాడో పోయినవి. వాని మాట నెత్తువారే వానిని బ్రతికించుచున్నారు” అనిరి. చుట్టునున్నవారు తలలూపిరి.

మేము తల యూపలేదు. ఏల యూపలేదో చెప్పుట మా విధి.

ముందుగా ఆ గిన్నె సంగతి తెలిసికొందము. గోధుమపిండిలో ఉప్పును, కన్సుయి యను క్షారజలమును కలిపి పిసికి, సన్నని దారములుగ చేసిన నూడిల్సు. పందియెముకలు, కోడియెముకలు, ఎండుచేపలు, సముద్రపు నాచు, వీనిలో కొన్నింటిని గంటలకొలది మరగించి తీసిన చాఱు. పైన రెండు మాంసపు ముక్కలు, చిటికెడు ఉల్లికాడలు. ఇంతియే రామెన్. ఇది ప్రభువుల విందు కాదు. పని ముగించుకొని ఇంటిదారి పట్టిన సామాన్యుని వేడి భోజనము.

జపానువారు నేడు తమదని గర్వించు ఈ గిన్నె పుట్టుకచే జపానుది కాదు. 1859లో యొకొహామా రేవు విదేశ వర్తకమునకు తెఱవబడిన పిదప అచ్చట స్థిరపడిన చీనావారు తమ వెంట తెచ్చుకొన్న తిండి యిది. 1910లో టోక్యోలోని అసకుసా పేటలో, సుంకముల శాఖలో పనిచేసి విరమించిన ఒజాకి కనిచి యనువాడు యొకొహామా నుండి చీనా వంటవారిని రప్పించి ‘రైరైకెన్’ అను హోటలు పెట్టెను. చాలకాలము దీనిని ‘షీనా సోబా’ అనిరి. చీనాపై జపాను సేనలు దండెత్తిన దినములలో ఆ ‘షీనా’ అను పలుకునందెంత తృణీకారము నిండియుండెనో చీనావారు మఱచిపోలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ పేరు వెనుకబడి ‘చూకా సోబా’ అను పేరు వచ్చెను. తుదకు రామెన్ అను మాట స్థిరపడెను. 1958లో దానిని వేడినీట నానవేసికొను పొట్లముగ చేసి లోకమునకందించిన అందో మొమొఫుకు సైతము తైవానున పుట్టినవాడే.

ఇంకొక మాట. పందియెముకల చాఱుతో చేయు రామెన్ 1937లో క్యూషూ దీవియందలి కురుమే పట్టణమున మొదలయ్యెను. ఎముకల చాఱు! పశువులను కోయువారిని, తోళ్లు పదును చేయువారిని శతాబ్దముల తరబడి అంటరానివారిగ నుంచిన దేశమది. 1871లో ప్రభుత్వాజ్ఞచే ఆ భేదము రద్దయ్యెను. మనస్సులలో రద్దు కాలేదు. కావుననే 1922లో ఆ ప్రజలు క్యోటో నగరమున ‘సుయిహైషా’ యను సమతాసంఘమును స్థాపించుకొనవలసి వచ్చెను. 1975 నాటికి కూడ ఆ ప్రజలు నివసించు పేటల పేరులు వ్రాసిన రహస్య పట్టికలను కంపెనీలు కొని, ఉద్యోగార్థులను ఏరి పాఱవేయుచున్న సంగతి బయటపడెను. పరజాతివారికి ప్రవేశము లేదనిన యొక స్నానశాల నష్టపరిహారము చెల్లింపవలెనని 2002లో సప్పోరో జిల్లా న్యాయస్థానము తీర్పు చెప్పవలసి వచ్చెను. కనుక జపాను స్వర్గమని మేము వ్రాయుట లేదు. వారి దోషములు వారికి గలవు. అవి మన దోషములకు దగ్గఱి చుట్టములే.

అయినను, పరదేశులు తెచ్చిన తిండి, హీనముగ చూడబడిన చేతుల పని, ఒక్క గిన్నెలో కలిసి పేటకంతటికి ఇష్టభోజన మెట్లయ్యెను? రుచి యొక్కటియే కారణమనుట చాలదు. ఆ బల్లయే కారణమని మా అభిప్రాయము. పేటలోని రామెన్ దుకాణమునకు వచ్చువాడు దారినపోవు బాటసారి కాడు, ఆ పేటవాడే. వారమున కొకటి రెండు మాఱులు వచ్చును. వాని ముఖము వంటవానికి తెలియును; వాని యిల్లు ప్రక్కవానికి తెలియును. తెలిసియు గిన్నె మాఱదు. తెలిసియు చోటు మాఱదు. ఖాళీ యైన పీట యేదో అదియే వాని పీట. మనిషికిని మనిషికిని నడుమ చెక్కపలకలు నిలిపి, ఎవరి గూటిలో వారు తినునట్లు చేసిన దుకాణములును అచ్చట కలవని చదువరులలో కొందఱు మమ్ము ఎత్తిపొడువవచ్చును. కలవు. కాని ఆ పలక అందఱికిని ఒకే కొలత. అది ఒకనికి లోపల, ఒకనికి వెలుపల నిలుపబడినది కాదు.

ఇప్పుడు కట్టంగూరు బల్లకు మఱలి వత్తము. పెద్దమనిషి పలికినది అసత్యము కాదు, సగము సత్యము. నార్కెటుపల్లి దాటి నకిరేకల్లు చేరువఱకు ఈ రోడ్డు ప్రక్క ఏ హోటలునందైనను కూర్చుండుడు. లారీ నడుపువాడు, బస్సు దిగిన గృహస్థు, పత్తి అమ్మి వచ్చు రైతు, పరీక్షకు పోవు విద్యార్థి, అందఱు నొక్క బల్లపైననే ఇడ్లీయో అన్నమో తినుచుందురు. కులమడుగు నాథుడు లేడు. ఇది హర్షణీయమే. కాని ఏల అడుగరు? తెలియదు గనుక అడుగరు. అడిగి తెలిసికొను తీరిక లేదు గనుక అడుగరు. అది అపరిచితుల సమత్వము. చీకటిలో అన్ని ఆవులు నల్లనివే. తెలియనివాని ప్రక్కన కూర్చుండుట గొప్ప కాదు. వాని తండ్రి యెవరో, వాని వాడ యేదో తెలిసి, వాని ప్రక్కన కూర్చుండి, వాడు త్రాగిన గ్లాసు కడిగిన పిదప అదే గ్లాసున త్రాగుట సమత్వము.

మేము వకీలు వృత్తి చేపట్టిన తొలిదినములలో, సుమా రిరువది యేండ్ల క్రిందట, సేవాదళముతో పల్లెలు తిరుగుచు రోడ్డు దిగి లోపలికి పోయిన యొక యూరిలో చాయకై ఆగితిమి. ఆ యూరి పేరు చెప్పము. చెప్పిన తక్కిన యూళ్లు తాము నిర్దోషులమని సంతోషించును. హోటలు బల్లపై గాజుగ్లాసులు బోర్లించియుండెను. చూరు క్రింద, గోడలో చెక్కిన గూటిలో, వేఱుగ నాలుగు గ్లాసులుండెను. మాతో వచ్చిన కార్యకర్త యొకడు ఆ యూరివాడే, బి.ఏ. చదివినవాడు, అరుగు దిగి వెలుపల నిలుచుండెను. ఎవరును నిలుచుండుమని చెప్పలేదు. చాయ త్రాగి, తన గ్లాసు తానే కడిగి, గూటిలో పెట్టి వచ్చెను. వాని ముఖమున కోపము లేదు. అదియే మమ్ము నేటికిని బాధించుచున్నది. అంతకన్న బాధించునది మఱొకటి కలదు. ఆ దినమున మేము లోపల కూర్చుండి మా చాయ ముగించితిమి. న్యాయశాస్త్రము చదివిన మేము నోరు తెఱవలేదు.

ఆ గ్లాసులు నేడు చాల చోట్ల కానరావు. కాని వాని చోట నేమి వచ్చినది? కాగితపు కప్పు వచ్చినది. అందఱికిని కాగితపు కప్పే, త్రాగి పాఱవేయుటయే. కడుగవలసిన పని లేదు. ఎవరి యెంగిలి ఎవరికి తగులునను తగవు లేదు. శుభ్రత కొఱకని కొందఱు వాడుదురు, వారిని మేమనము. కాని ఒకరి పెదవి తాకిన గ్లాసు మఱియొకరి పెదవి తాకగూడదను పాత పంతమును నెఱవేర్చుటకు కూడ ఈ కప్పు చక్కగ పనికివచ్చుచున్నది. రెండు గ్లాసులను ఒక్కటి చేయు ధైర్యము లేక రెంటిని పాఱవైచి, దానికి సంస్కారమని పేరు పెట్టుకొంటిమి. జాడ్యము కుదురలేదు, పుండు కప్పబడినది.

“హోటలు అతని సొంత ఆస్తి; అతని యిష్టము” అను వాదమును మేము వినియున్నాము. చట్టమీ వాదము నంగీకరింపదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమున దుకాణములను, హోటళ్లను, భోజనశాలలను పేర్కొని, కులమును బట్టి ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదన్నది. పదునేడవ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. 1955 నాటి చట్టము, నేడు పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరొందినది, తన నాల్గవ సెక్షనులో హోటలునందు ప్రజల వాడుకకై ఉంచిన పాత్రలను సైతము పేర్కొన్నది. అనగా శాసనకర్తలు ఆ గూటిలోని గ్లాసును కన్నులార చూచియే వ్రాసినారు! శిక్ష నెల దినములకు తగ్గని, ఆరు నెలలకు మించని ఖైదు, జుల్మానా. షెడ్యూల్డు కులస్థునియెడ అట్లు చేసినట్లు తేలినచో అది అంటరానితనము వలననే యని న్యాయస్థానము భావింపవలెను; కాదని చూపు భారము ముద్దాయిది. హోటలు లైసెన్సు రద్దు చేయుటకును ఆ చట్టమున త్రోవ కలదు. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ శిక్షను మఱింత కఠినము చేసినది. చట్టమునకు లోటు లేదు. సాక్షికే లోటు. ఆ దినమున ఆ హోటలులో కూర్చున్న మేమే సాక్షులము, మేమే మూగవారము.

“జపాను వంటకముతో మనకేమి పని? స్వదేశీయము చెప్పరాదా?” అని మఱికొందఱందురు. వారు సేవించు చాయ యెక్కడిది? వారి పచ్చడిలోని మిరపకాయ యెక్కడిది? అది పోర్చుగీసువారి ఓడలలో సముద్రములు దాటి వచ్చినది కాదా? పరాయి తిండికి పంక్తిలో చోటిచ్చి, సొంత యూరివానికి ఈయకుండుటయా స్వదేశీయము? ఇంటి దృష్టాంతమే కావలెనన్న హైదరాబాదు ఇరానీ హోటలు కలదు. ఎక్కడనో పుట్టి, బొంబాయి మీదుగా వచ్చినవారు పెట్టిన ఆ హోటళ్లలో పాలఱాతి బల్ల చుట్టు హిందువు, ముసల్మాను, కూలి, కవి కలిసి చాయ త్రాగిరి. యొకొహామాకు వచ్చిన చీనావారివలెనే, మన పంక్తి కట్టుబాటులు తెలియనివారు వచ్చి మనకు బల్ల వేసి చూపిరి. తెలిసిన మనమేమి చేసితిమి?

ఈ రోడ్డు చివరనున్న బెజవాడలో 1917లో జరిగిన ఆంధ్ర పంచమ మహాసభకు హైదరాబాదు నుండి భాగ్యరెడ్డి వర్మ పోయి అధ్యక్షత వహించెను. పరులు తగిలించిన పంచమ నామమును ఆ సభ త్రోసిపుచ్చి, తాము ఆది ఆంధ్రులమని చాటెను. నూఱేండ్లు దాటినవి. నాడు వారు పేరు మార్చుకొనిరి. నేడు మనము గ్లాసు మార్చుకొనలేకయున్నాము.

కనుక మా మనవి స్పష్టము. హోటలు యజమానులారా! గాజుగ్లాసునో స్టీలు గ్లాసునో మరల బల్లపై పెట్టుడు. వేడినీట చక్కగ కడుగుడు. అందఱికిని దానినే ఇండు. గిరాకి పోవునని భయపడకుడు. గిరాకి యనగా మేమే, ఈ పత్రిక చదువు మేమే. గ్రామపంచాయతీ పెద్దలారా! హోటళ్లను చూడబోవునపుడు పొయ్యి, నీళ్లతొట్టితో పాటు చూరు క్రింద గూడును కూడ చూడుడు. చదువరులారా! మీరు పట్టణమున తినునప్పటి ధైర్యము మాకు వలదు. పండుగకు మీ సొంత యూరికి పోవుదురు గదా. అచ్చటి హోటలులో, మిమ్మెఱిగినవారందఱు చూచుచుండగా, మీరెఱిగిన వాడవానిని పేరు పెట్టి పిలిచి, బల్లపై మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. అతడు రానని వెనుకాడిన మీరు లేచి వెలుపలికి పోయి, అతని చెంతనే నిలుచుండి త్రాగుడు.

మేమును పోవుదుము. ఇరువది యేండ్ల క్రిందట ఆ చాయకొట్టున మేము చెల్లింపక వచ్చిన బాకీ యొకటి యున్నది.