అవ్వ పళ్ళెం

మా సోలాపూర్ దాజీపేటలో ఎవరింటికి అర్థం కాని కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే తెస్తారు. బ్యాంకు ఆఫీసరుకు అన్నీ తెలుసునని వాళ్ళ నమ్మకం. నేను చదివింది బి.కాం., అయినా కాదనలేను. పోయిన దసరా తర్వాత కాగితానికి బదులు ఒక పళ్ళెం వచ్చింది.

తెచ్చినవాడు మా వెనక వీధి అవ్వ మనవడు. నాలుగు మగ్గాల మీద టెర్రీ టవల్సు నేస్తాడు. పాత చీరలో చుట్టిన పెద్ద పింగాణీ పళ్ళెం నా ముందు పెట్టాడు. తెలుపు మీద నీలం బొమ్మలు: వంగిన చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు.

"కాకా, ఇది చీనాది, మింగు రాజులనాటిదట. ఐదు వందల ఏండ్లదని పాత సామాన్లు కొనేటాయన చెప్పిండు. సర్టిఫికెట్ ఉంటే లక్షలు పలుకుతదట. దానికి పదిహేను వేలు ముందు కట్టాలె. మా ఆమె గొలుసు మీద లోన్ ఇప్పిస్తవా?"

గొలుసు తూచి డబ్బు ఇప్పిస్తే నా పని అయిపోతుంది. మనసొప్పలేదు. రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజులూ పింగాణీ గురించి దొరికిందల్లా చదివాను.

చీనా పాత్రల అడుగున రాజు పేరుతో ఆరక్షరాల ముద్ర ఉంటే అసలుదేనని చాలామంది అనుకుంటారు. కానీ 1662 నుంచి 1722 వరకు ఏలిన కాంగ్‌షీ కాలంలో, అంతకు రెండు వందల ఏళ్ళ ముందటి చెంగ్‌హువా రాజు పేరు వేసిన పాత్రలు బోలెడు తయారయ్యాయి. అన్నీ మోసమని కాదు, పాతవాళ్ళ మీద గౌరవంతో వేసినవీ ఉన్నాయి. ఏమైనా సంతకం కనిపించగానే చెక్కు పాస్ చెయ్యం కదా, స్పెసిమన్ కార్డుతో పోలుస్తాం.

పింగాణీకి కూడా అలాంటి కార్డు ఒకటి ఉంది, అదీ ఒక బ్యాంకరు కొడుకు చేతికే వచ్చింది! 1906లో బ్యాంక్ ఆఫ్ ఇండియా పుట్టినప్పుడు దాని తొలి ఛైర్మన్ బొంబాయి నూలు వర్తకుడు సర్ సాసూన్ డేవిడ్. ఆయన కొడుకు పర్సివల్ డేవిడ్ 1892లో బొంబాయిలోనే పుట్టాడు. తండ్రి డబ్బు కూడబెడితే కొడుకు చీనా పింగాణీ కూడబెట్టాడు. ఆయన సేకరణలోని ఒక కూజాల జంట మెడల మీద, గుడికి కానుకగా ఇచ్చినట్టు రాసి, తేదీ కూడా వేసి ఉంది. మన లెక్కలో 1351. అంత పాతకాలంలో అంత మంచి నీలం పని జరిగిందని చాలాకాలం ఎవరూ ఊహించలేదు. 1950లలో జాన్ పోప్ అనే అమెరికా పండితుడు వాటిని ఆధారం చేసుకుని, ఇస్తాంబుల్‌లోనూ ఇరాన్‌లోనూ ఉన్న ఎన్నో పాత్రలు 14వ శతాబ్దానివని తేల్చాడు. ఆ కూజాలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

మా పళ్ళేనికి ముద్రే లేదు. బ్రాంచిలో నగలు పరీక్షించే ఆయన దగ్గర భూతద్దం అడిగి తెచ్చాను. పళ్ళేన్ని వెలుతురుకు పట్టుకుంటే వెనక వేలి నీడ కూడా కనబడలేదు. మంచి పింగాణీ పలచగా ఉన్నచోట వెలుగు తొంగిచూస్తుంది. కుంచెతో వేసిన నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పారుతుంది. ఇక్కడ నీలమంతా సన్నని గీతలు, చుక్కలు. భూతద్దం కుర్రవాడి చేతికిచ్చాను. అంచు చుట్టూ తిప్పి చూసి ఒకచోట ఆగాడు.

"కాకా, ఇది ప్రింటు. చూడు, జోడు కాడ డిజైన్ కలవలే. సగం పువ్వు కోసినట్టుంది."

నాకు రెండు రోజులు పట్టింది వాడికి రెండు నిమిషాల్లో తెలిసింది. ఆ బొమ్మకు విల్లో పాట్రన్ అని పేరు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో పుట్టింది. రాగిరేకు మీద చెక్కి, పలచని కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని పళ్ళెం మీద అద్దేవారు. అంచు కాగితం రెండు కొసలూ కలిసేచోట ఇలా తేడా వస్తుంది. ఆ పక్షులు విడిపోయిన ప్రేమికులంటూ చెప్పే కథ కూడా ఇంగ్లీషువాళ్ళు కట్టిందే! లోకమంతా అమ్ముడుపోయిన ఇలాంటి పళ్ళేలకు లక్షలు రావు.

"ఆయనకు ఫోన్ చెయ్యి" అన్నాను. "నూరేళ్ళు దాటిన వస్తువుల వ్యాపారానికి 1972 చట్టం కింద లైసెన్సు ఉండాలి, నంబరు అడుగు. అంత ధర పలికేదైతే ఆ పదిహేను వేలు మినహాయించుకుని మిగతాది ఇచ్చి పట్టుకుపొమ్మను." కుర్రవాడు అక్షరం పొల్లుపోకుండా అడిగాడు. అవతల ఫోన్ పెట్టేశారు. గొలుసు ఇంట్లోనే ఉండిపోయింది.

అవ్వకు చెప్పడానికి నాకే జంకు వేసింది. ఆమె మాత్రం తేలిగ్గా నవ్వింది.

"ఐదు వందల ఏండ్లదని నేనంటినా? మా మామ బొంబయి మిల్లుల తొలి జీతం తీసుకున్ననాడు కొన్నడు. నన్నెవరడిగిన్రు?"

నిజమే. తాకట్టుకు ఏ వస్తువు వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న, 'ఇది మీకెలా వచ్చింది?' అని. ఈ ఒక్క పళ్ళేనికి అడగలేదు. అవ్వ దాన్ని కడిగి, జొన్నరొట్టె, శేంగా చట్నీ పెట్టి నా ముందుకు తోసింది.