సన్నాయి నొక్కులు సరే... సన్నాయి సంగతేంటి?

సన్నాయి నొక్కులు నొక్కడంలో మనవాళ్లకు సాటి లేదు. వియ్యాలవారి మర్యాదల్లో లోటు దగ్గర్నుంచి వంకాయ కూరలో ఉప్పు దాకా దేన్నీ వదలం. అదే పెళ్లిపందిట్లో ఓ మూల కూర్చుని నిజంగా సన్నాయి వాయిస్తున్న పెద్దమనిషి ఏ రాగం వాయిస్తున్నాడో అడగండి. ఒక్కరు చెప్తే ఒట్టు!

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఏ పెళ్లికైనా వెళ్లండి. పురోహితుడు చెయ్యి ఊపితే గట్టిమేళం మోగుతుంది. ఆపమంటే ఆగుతుంది. మధ్యలో ఆయన గంటసేపు వాయించింది ఎవరి చెవికీ ఎక్కదు. డీజే పెట్టెలు దిగాక చాలాచోట్ల ఆ మూల కూడా ఖాళీ అయిపోయింది. ఏళ్లతరబడి ఊపిరి ధారపోసి నేర్చుకున్న విద్య, చేతి సైగకు మోగే బడిగంటలా మిగిలింది.

తప్పంతా విననివాళ్లదేనా? వినడం ఎవరైనా నేర్పితే కదా!

వినడం నేర్పినందుకు అవార్డు

అవును, అలాంటి అవార్డు కూడా ఉంటుంది. పైప్ ఆర్గన్ అని పెద్ద పెద్ద చర్చిల్లో గోడంత వాద్యం ఒకటుంది. గాలిని గొట్టాల్లోకి పంపి మోగిస్తారు. ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. అమెరికాలో మైకేల్ బరోన్ అనే ఆయన ఈ వాద్యం కోసం 1982లో రేడియోలో 'పైప్‌డ్రీమ్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆర్గన్ సంగీతాన్ని వినిపిస్తూ, దాని సంగతులు మామూలు శ్రోతలకు విడమరిచి చెప్పేవారు. అక్కడి ఆర్గన్ వాద్యకారుల సంఘం 1996లో ఆయన్ను పిలిచి పురస్కారం ఇచ్చింది. కచేరీ చేసినందుకు కాదు, కచేరీ వినే చెవుల్ని తయారుచేసినందుకు!

మనదీ గొట్టమే. కాకపోతే ఒక్కటే. అన్ని స్వరాలూ అందులోంచే పలకాలి. వేళ్లకు ఏడు రంధ్రాలు, నోటికి రెల్లుజాతి గడ్డితో చేసిన చిన్న పీక. మీటలు లేవు. స్వరం వెంట్రుకవాసి పైకి జరగాలన్నా, కిందికి జారాలన్నా ఊపిరి, పెదవి, సగం మూసిన వేలు... ఇవే ఆధారం. కష్టం ఎక్కడుందో తెలిస్తే కదా, గొప్ప ఎక్కడుందో తెలిసేది!

పేట నుంచి శ్రీరంగం దాకా

ఈ విద్యలో మన పల్నాడుది చిన్న చెయ్యేం కాదు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924-1999) తండ్రి కాశిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, తర్వాత మన చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు. ఆపైన తంజావూరు బాణీ పట్టుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. సరిగ్గా అమెరికాలో ఆ రేడియో కార్యక్రమం మొదలైన 1982లోనే ఆయన శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టారు.

1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు 'సంగీత కళానిధి' ఇచ్చింది. ఆ బిరుదులో ఓ మెలిక ఉంది. అందుకున్నవారు దండ వేయించుకుని ఇంటికెళ్లిపోతే కుదరదు. ఆ ఏటి సంగీత సదస్సుకు అధ్యక్షత వహించాలి. పొద్దున్నే జరిగే ఆ సభల్లో విద్వాంసులు వాయించి, పాడి, ఎందుకలా చేశారో శ్రోతలకు వివరిస్తారు. అంటే సన్మానంతోపాటు పాఠం కూడా!

ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు 2022లో మరణానంతరం ప్రకటించారు. వాయించేవారికి గౌరవాలు అందుతున్నాయి, సంతోషం. మరి ఊళ్లో వినేవాళ్లను తయారుచేసేవారికో? పద్మశ్రీ బతికున్నప్పుడు రావచ్చు, పోయాక రావచ్చు. ఎదురుగా కూర్చుని వినే మనిషి మాత్రం వాయిస్తున్నప్పుడే కావాలి.

మనవల్ల కాదా?

ఎందుకు కాదు! ఎద్దు పళ్లు చూసి వయసు చెప్తాం. కోటప్పకొండ తిరునాళ్లలో ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తో చిన్నపిల్లాడు కూడా లెక్క చెప్తాడు. ఎవరో ఒకరు పక్కన నిలబడి చెప్పబట్టే కదా అవన్నీ వచ్చాయి. ఇదీ అంతే.

మేళం మాట్లాడుకునేటప్పుడు రేటుతోపాటు 'ఏం వాయిస్తారు?' అనీ అడగండి. ముహూర్తానికి ముందు ఓ పావుగంట డీజే ఆపించి, మైకు వాళ్ల చేతికివ్వండి. రాగం పేరు చెప్పి మరీ వాయించమనండి. తాళం లేకుండా రాగాన్ని మెల్లగా విప్పుతుంటే అది ఆలాపన. తాళం పడి, డోలు జత కలిస్తే కీర్తనలోకి వచ్చినట్టు. తెల్లవారితే భూపాలం, పవళింపు వేళకు నీలాంబరి. ముందుగా ఈ నాలుగు ముక్కలు పిల్లలకు చెప్పినా చాలు. మిగతాది చెవే నేర్చుకుంటుంది.

ఈ మాఘమాసం పెళ్లిళ్లలో ఒక్కసారి మేళం దగ్గరకెళ్లి, 'సాహెబుగారూ, ఇదే రాగమండీ?' అని అడిగి చూడండి. ఆ తర్వాత ఆయన వాయించే తీరే మారిపోతుంది.

అడగలేదో... ఈసారి మీ మీద మేం సన్నాయి నొక్కులు నొక్కాల్సి వస్తుంది!